తొట్టి ఉంటేనే గూడు

ఆ షెడ్డులో గూడు అన్న మాట వినపడని పూట ఉండేది కాదు. పొద్దున్నే బుట్టల్లో వచ్చి పడేవి పట్టుగూళ్ళు. వాటిని ఉడకబెట్టి దారం తీసే ఆడవాళ్ళకు షెడ్డు వెనక వరసగా, ఒకదాని వీపుకు ఒకటి ఆనించి కట్టిన గదులుండేవి. వాటినీ గూళ్ళనే అనేవాళ్ళు. ఒక్కో గదిలో గోడకు చిన్న గూడు ఒకటి, అందులో దువ్వెన, మందుసీసా, అగ్గిపెట్టె. రేకుల కింద పిచ్చుకలు గూళ్ళు పెట్టి, ఆవిరికి తాళలేక వదిలేసి పోయేవి. సాలెపురుగులకు మాత్రం ఆ ఆవిరికి ఏమీ అయ్యేది కాదు, వాటి గూళ్ళు మూలమూలనా వేలాడేవి. ఎవరైనా జబ్బుచేసి చిక్కిపోతే "ఎముకల గూడైపోయింది పాపం" అనేవాళ్ళు, ఆ పాపం అన్నమాట పూర్తికాకముందే ఆమె తొట్టి ఎవరికిస్తారో మాట్లాడుకునేవాళ్ళు. ఎందుకంటే గది తొట్టితో పాటు వచ్చేది, తొట్టితో పాటే పోయేది.

తొట్టి అంటే వేడినీళ్ళ తొట్టి. దాని పక్కన రాట్నం. ఉడికిన గూళ్ళను ఆ నీళ్ళలో వేసి, పుల్లల కట్టతో తిప్పితే పైపొర వదులై పోగు కొస బయటికొస్తుంది. కంటికి ఆనీ ఆనని ఆ కొసను వేలికొసలతో పట్టాలి. కొన్ని పోగులు కలిపితే ఒక దారం. ఒక గూడు అయిపోతుంటే, దారం సన్నబడకముందే ఇంకో గూటి పోగు దానికి అంటించాలి. సన్నబడిందని కన్ను చెప్పేలోపల వేలు చెప్పాలి. నీళ్ళేమో పొగలు కక్కుతుంటాయి. ఆ వేడిని ఓర్చుకునే చెయ్యి వేరు, అందులో పోగును పోల్చుకునే చెయ్యి వేరు. రెండూ ఒకే మనిషికి కొన్నేళ్ళే ఉంటాయి. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఇనుపక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. మిగతావాళ్ళు పక్కనే చన్నీళ్ళ గిన్నె పెట్టుకుని, వేళ్ళు మండినప్పుడల్లా అందులో ముంచి తీసేవాళ్ళు. ఇనుపక్క గిన్నె పెట్టుకోలేదు. పెట్టుకున్నవాళ్ళను వదిలిపెట్టేదీ కాదు. "ఏమ్మా, చేతులకు చలువ చేస్తున్నావా? పడక కూడా వేయించమంటావా?" అనేది. షెడ్డంతా నవ్వేది. ఆమె మొగుడు కొడుకు చంకన ఉన్నప్పుడే వెళ్ళిపోయాడు. ఆ కథ కూడా నవ్వుతూనే చెప్పేది. "సబ్బు కొనుక్కొస్తానని పోయాడు. మంచి సబ్బు దొరికినట్టు లేదు, ఇంకా వెతుకుతున్నాడు."

ఆమెకు ముందు ఆ తొట్టి దగ్గర ఒక ముసలమ్మ ఉండేది. ఇనుపక్కను పనిలో పెట్టించింది, పోగు పట్టడం నేర్పింది ఆవిడే. ఇనుపక్క అప్పట్లో వెనక దొడ్లో, కుప్ప దగ్గర పనిచేసేది. దారమంతా లాగేశాక గూటిలో పలచటి పొర, దానిలో ఉడికి చచ్చిన పురుగు మిగులుతాయి. ఆ పొరను చీల్చి పురుగును తీసి చేపల మేతకు ఒకవైపు, పొరను ఒకవైపు వేయడం కుప్ప దగ్గరివాళ్ళ పని. వాళ్ళకు గదులుండవు. ఇనుపక్క పిల్లవాణ్ణి వేసుకుని గోదాము వసారాలో పడుకునేది. ఆ రోజుల్లోనే ముసలమ్మ వేళ్ళకు స్పర్శ తగ్గిందని ముందుగా పసిగట్టింది ఆమే. పసిగట్టి ఊరుకోలేదు. మేస్త్రి చెవిన వేసింది.

అక్కడ దానికొక పరీక్ష ఉంది. కళ్ళు మూయించి, తడిపిన అరచేతుల్లో ఒకదాంట్లో తలవెంట్రుక, ఇంకోదాంట్లో పట్టుపోగు పెడతారు. వేళ్ళతో నలిపి ఏది ఏదో చెప్పాలి. ముసలమ్మకు పెట్టిన వెంట్రుక ఇనుపక్క తన తలలోంచే పీకి ఇచ్చింది. ముసలమ్మ తప్పు చెప్పింది. పొద్దు వాలకముందే ఆవిడ చాప, గిన్నెలు గది బయటికొచ్చాయి, ఇనుపక్క చాప, గిన్నెలు లోపలికెళ్ళాయి. గోడగూట్లో ముసలమ్మ మరిచిపోయిన దువ్వెన ఒకటి ఉంటే ఇనుపక్క దాన్ని తీసుకెళ్ళి ఇవ్వలేదు. పళ్ళు బాగున్నాయని వాడుకుంది.

తొట్టి చేతికొచ్చాక కొత్తగా చేరే ఆడపిల్లల చెయ్యి కాచే పని కూడా ఆమెకే వచ్చింది. చెయ్యి కాచడమంటే, చేరినరోజే కొత్త పిల్ల మణికట్టు పట్టుకుని తొట్టిలో ముంచి, ఏడుపు ఆగేదాకా పైకి తీయనివ్వకపోవడం. ఒకసారి అలా కాచితే ఇక భయం పోతుందని, భయం పోతేనే చెయ్యి పనికొస్తుందని అందరి నమ్మకం. అందరూ అలా చెయ్యి కాచుకుని వచ్చినవాళ్ళే కాబట్టి ఎవరికీ అది తప్పనిపించేది కాదు. పైగా చూడటానికి పని ఆపి మరీ వచ్చేవాళ్ళు. "అరుపు పెద్దదా, నీ గొంతు పెద్దదా చూద్దాం" అంటూ ఇనుపక్క నవ్విస్తూనే చెయ్యి ముంచేది. ఆమె పట్టు నుంచి ఒక్కరూ చెయ్యి లాక్కోలేకపోయారు.

అరవకుండా నిలబడింది ఒక్కతే. సన్నటి పిల్ల. కుడిచెయ్యి తొట్టిలో ఉంటే ఎడమచేతిని తనే కొరుక్కుంటూ నిలబడింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గాని నోట్లోంచి శబ్దం లేదు. చూసేవాళ్ళకు సరదా లేకుండా పోయింది. ఇనుపక్కకు పంతం వచ్చి మామూలుకంటే ఎక్కువసేపు పట్టుకుంది. చివరికి పక్క తొట్టి ఆమె, రేడియో అని పిలుస్తారు ఆమెను, వచ్చి విడిపించింది. "చాల్లే అక్కా, ఉడికితే తినేవాళ్ళు లేరిక్కడ" అంది.

ఆ పిల్లనే ఇనుపక్క కొడుకు చేసుకున్నాడు. బుట్టలు మోసే పని అతనిది, మెత్తటి మనిషి, మోయమన్నది మోసి, దించమన్నచోట దించుతాడు. ఆ రోజు పిల్లకు చేతికి రాసుకోమని మందు తెచ్చి ఇచ్చాడట. అక్కడ మొదలైంది వాళ్ళ కథ. ఇనుపక్క అడ్డం చెప్పలేదు. "మందు ఖర్చు ఇంట్లోనే మిగులుతుంది" అని నవ్వింది. పెళ్ళయ్యాక కోడలు పని మానేసింది. కోడలి చేతులు మళ్ళీ మెత్తబడ్డాయి, ఒక్క కుడి మణికట్టు చుట్టూ కడియంలా గోధుమరంగు మచ్చ మిగిలింది. అత్తగారి వేళ్ళు పట్టుకున్న చోటు వరకు, నీళ్ళు ఆగిన చోట.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు దారం తెగి రాట్నం వట్టిదే తిరుగుతోందని రేడియో చెప్పేదాకా ఇనుపక్కకు తెలియలేదు. "ఏంటక్కా, పరధ్యానం? సబ్బాయన గుర్తొచ్చాడా?" అంది రేడియో. ఇనుపక్క నవ్వేసి కొస కోసం వేళ్ళు పెట్టింది. వేళ్ళకు ఏమీ తగల్లేదు. నీళ్ళూ తగల్లేదు, గూళ్ళూ తగల్లేదు. చేతులు ఎవరివో అయినట్టు, అవి అక్కడ ఈదుతుంటే తను గట్టున నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

ఆమె ముసలమ్మ కాదు, తెలివైనది. కొద్దిరోజుల్లోనే దారి వెతుక్కుంది. పోగును పైకి తీసి కింది పెదవికి ఆనించేది. పెదవికి ఇంకా ప్రాణముంది. సన్నమో లావో పెదవి చెప్పేది, కన్ను సాయం పట్టేది, చెయ్యి చెప్పినట్టు తిరిగేది. అస్తమానం పెదవి తడుముకోవడం ఆమెకు ముద్దుమురిపెం అనుకున్నారు షెడ్డులో. "ముద్దులు పెట్టి దారం తీస్తుంది" అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె వాళ్ళకంటే పెద్దగా నవ్వేది. నవ్వుతూనే కిటికీలోంచి వెనక దొడ్లో కుప్ప వైపు చూసేది. ముసలమ్మ ఆ కుప్ప దగ్గరే పురుగులు ఏరుతూ ఒక చలికాలం పోయింది. తొట్టి పోతే గది పోతుంది. గదిలో ఇప్పుడు తనొక్కతే లేదు. కొడుకు, కోడలు, ఏడాది నిండని మనవరాలు. కొడుకుది బుట్టల పని, ఆ పనికి గది లేదు.

ఆ మనవరాలంటే ఇనుపక్కకు ప్రాణం. పని నుంచి రాగానే గుమ్మంలోంచే "ఏవమ్మా పెద్దమనిషీ" అని పిలిచేది. పాప కేరింతలు కొట్టి చేతులు చాచేది. కోడలు పాపను ఎత్తుకోనిచ్చేది, ఆడించనిచ్చేది. ఒక్క స్నానం మాత్రం చేయించనిచ్చేది కాదు.

"ఎందుకే అంత భయం? నా కొడుక్కి నేను పోయలేదా నీళ్ళు?" అనేది ఇనుపక్క.

"నీళ్ళ దగ్గర మీరొద్దు అత్తయ్యా" అనేది కోడలు. అంతే. గొంతు పెంచేది కాదు. మణికట్టు తడుముకునేది.

ఆ మాట ఇనుపక్కకు ములుకులా గుచ్చుకునేది. మిగతా ఆడవాళ్ళు మనవళ్ళకు స్నానాలు చేయించి, ఒళ్ళు తుడిచి, జుట్టు ఆరబెడుతూ గదుల ముందు కూర్చుంటే, తను వట్టి చేతులతో చూస్తూ కూర్చునేది. "ఏంటక్కా, మీ ఇంట్లో పాపకు కాపలా పెట్టారా?" అని రేడియో అడిగితే మాట మార్చేది.

బాయిలరు బాగుచేస్తున్నారని షెడ్డుకు సెలవిచ్చిన రోజు అది జరిగింది. కోడలు పాపకోసం పొయ్యి మీద నీళ్ళు పెట్టి, కుళాయి దగ్గర వరసలో బిందె పెట్టడానికి వెళ్ళింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి చెప్పింది. "నేనొచ్చి పోస్తాను. మీరు ముట్టుకోకండి."

కుళాయి దగ్గర ఏదో గొడవ. కోడలు రావడం ఆలస్యమైంది. పాప ఒళ్ళంతా అన్నం పూసుకుని, చిరాకుపడి ఏడుస్తోంది. ఇనుపక్క కాసేపు ఊరుకోబెట్టింది. తర్వాత ఆమెకొక ఆశ పుట్టింది. కోడలు వచ్చేసరికి పాపకు స్నానం చేయించి, తల దువ్వి, తెల్లగా తయారుచేసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే? అప్పుడేమంటుంది? ఏమనలేదు. రేపట్నుంచి మీరే పోయండి అంటుంది.

ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి కలియదిప్పింది. ఏమీ అనిపించలేదు. ఎన్నాళ్ళనుంచో ఏమీ అనిపించకపోవడమే ఆమెకు గోరువెచ్చన. పెదవికి ఆనించి చూద్దామన్న ఆలోచన రాలేదు. పోగుకైతే పెదవి, నీళ్ళకైతే చెయ్యి, ఎవరైనా అంతే కదా. ఏడుస్తున్న పాపను రెండు చేతులతో ఎత్తి టబ్బులో కూర్చోబెట్టింది.

పాప ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ముందు శబ్దం రాలేదు. ఇనుపక్క ఆ క్షణం, గుక్కపట్టిందనుకుని వీపు మీద నీళ్ళు చల్లింది. తర్వాత వచ్చిన అరుపు కుళాయి దాకా వినిపించింది.

ఆసుపత్రికి కోడలు పాపను ఎత్తుకుని పరిగెత్తింది, వెనక ఇనుపక్క, ఆమె వెనక రేడియో. పాప నడుము కింద, కాళ్ళు, వీపులో సగం ఎర్రగా పొంగి, చర్మం తడికాగితంలా ముడతపడి ఊడింది. నర్సమ్మ కట్లు కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరు పోశారు నీళ్ళు?"

"నేనే" అంది ఇనుపక్క.

"చెయ్యి పెట్టి చూడలేదా?"

"చూశాను."

"చూస్తే వేడి తెలియలేదా?"

ఇనుపక్క నోరు తెరిచింది. తెలియలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో రేడియో నిలబడి ఉంది, చెవులు రిక్కించుకుని. ఆ మాట బయటపడితే సాయంత్రానికి షెడ్డంతా తిరుగుతుంది, రేపటికి మేస్త్రి చెవిలో పడుతుంది, ఎల్లుండికి కట్లతో ఉన్న ఈ పాప ఏ వసారాలో పడుకుంటుందో.

"తెలిసింది" అంది ఇనుపక్క. "పసిదానికి ఎక్కువవుతుందనుకోలేదు."

నర్సమ్మ చేతులు ఆగాయి. ఆమె ఇనుపక్క వైపు ఒకసారి చూసి, మళ్ళీ కట్టు చుట్టడం మొదలుపెట్టింది. కోడలు మాత్రం చూపు తిప్పుకోలేదు.

"తెలిసే పోశావా?" అంది.

అంతదాకా మీరు అన్న నోరు అది. మళ్ళీ ఎప్పుడూ ఆ నోట మీరు రాలేదు.

"చెయ్యి కాచావా నా కూతురికి? ముందే కాచి పెడితే రేపు పనికొస్తుందనా?"

పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది.

పాప బతికింది. మచ్చలు ఉంటాయన్నారు, నడక కాస్త ఆలస్యమవుతుందన్నారు. షెడ్డులో రేడియో తన పని తాను చేసింది. "వేడి తెలుసట. తెలిసే కూర్చోబెట్టిందట. నా చెవులారా విన్నాను." ఒకప్పుడు ఇనుపక్క చేతులు కాచిన పిల్లలంతా ఇప్పుడు పెద్దవాళ్ళయి తొట్ల ముందు కూర్చుని ఉన్నారు. ఒక్కరూ ఇనుపక్క వైపు చూసి నవ్వలేదు, ఇనుపక్క వేసిన జోకుకు నవ్వలేదు. ఒకామె తన మనవణ్ణి ఆమె గుమ్మం ముందు నుంచి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. మేస్త్రి మాత్రం ఒకసారి తొట్టి దగ్గర ఆగి, "ఏమ్మా, ఇంట్లో కూడా గూళ్ళు ఉడకబెడుతున్నావంట" అన్నాడు. ఆ జోకుకు అందరూ నవ్వారు.

కొడుకు తల్లికి ముఖం చాటేశాడు. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి తినేవాడు. ఒకరోజు తాగే నీళ్ళు తల్లి అందిస్తే తీసుకుని, తాగకుండా పక్కన పెట్టి, తనే లేచి వేరే నీళ్ళు ముంచుకున్నాడు. ఇనుపక్కకు ఆ రోజు ఏడుపొచ్చింది. అయినా చెప్పలేదు. నన్ను రాక్షసి అనుకుంటే అనుకోనీ, నెత్తిమీద కప్పు ఉంది కదా అనుకుంది. జీవితంలో మొదటిసారి ఆమె ఒకరికోసం మాట పడింది, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా పడింది.

కోడలు మాత్రం చూస్తూనే ఉంది. మాట్లాడటం తగ్గించినకొద్దీ ఆమె చూపు పెరిగింది. ఇనుపక్క పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించడం చూసింది. వేలికి ముల్లు దిగి రక్తం కారుతుంటే నేలమీద మరక చూసి, ఎవరిదీ రక్తం అని వెతుక్కోవడం చూసింది. సూదిలో దారం ఎక్కించడానికి దారాన్ని పెదవికి ఆనించడం చూసింది.

ఒక సాయంత్రం స్టీలు గ్లాసు తెచ్చి అత్తగారి చేతికిచ్చింది.

"పాపకు మందు కలపాలి. నీళ్ళు చల్లారాయా చూడు."

ఇనుపక్క గ్లాసు పట్టుకుని, వేలు ముంచి చూసింది. ఏమీ తెలియలేదు. ఈసారి ఆమె తప్పు చేయదలచుకోలేదు.

"ఇంకా వేడిగానే ఉన్నాయి. కాసేపాగు."

కోడలు గ్లాసు తీసుకుని, అందులోని నీళ్ళు అత్తగారి ముఖాన కొట్టింది. కుండలోంచి అప్పుడే ముంచిన చన్నీళ్ళు. ఇనుపక్క ఉలిక్కిపడింది. బుగ్గలకు తెలిసింది అవి ఎంత చల్లగా ఉన్నాయో.

గడ్డం నుంచి నీళ్ళు కారుతుంటే ఇనుపక్క తుడుచుకోలేదు.

"ఎప్పట్నుంచి?" అంది కోడలు.

"పాప నీ కడుపున పడకముందునుంచే."

"మరి ఆసుపత్రిలో తెలిసిందన్నావేం?"

"రేడియో ఉంది కదే గుమ్మంలో. తెలియలేదంటే తొట్టి పోయేది. గది పోయేది. కట్లతో ఉన్న పిల్లను పెట్టుకుని ఎక్కడికి పోతారు?" అమ్మయ్య, తెలిసిపోయింది అనుకుంది ఇనుపక్క. ఇక ఈ పిల్ల తనను పట్టుకుని ఏడుస్తుందేమో, తనూ ఏడవచ్చేమో అనుకుంది.

కోడలు ఏడవలేదు. "అంటే, దాన్ని నేను కనకముందునుంచే నీకు తెలుసు. తెలిసి, దాన్ని ఎత్తుకున్నావు, నీళ్ళు పోస్తానని రోజూ అడిగావు. నీ చెయ్యి చచ్చిందని నాకొక్కదానికి చెప్పడానికి ఏం పోయింది? నేను మేస్త్రికి చెబుతాననుకున్నావు కదూ. నువ్వైతే చెప్పేదానివి."

ఇనుపక్క తల దించుకుంది. ముసలమ్మ కథ ఆ వరసలో తెలియనివాళ్ళు లేరు.

"దాచినందుకు నీకు తొట్టి మిగిలింది. నా బిడ్డకు తోలు పోయింది."

"అయిపోయిందేదో అయిపోయింది" అంది ఇనుపక్క. "రేపు నేనే మేస్త్రితో మాట్లాడతాను. చెయ్యి నొప్పి, నా తొట్టి నా కోడలికివ్వమంటాను. నీ పని వాళ్ళకు తెలుసు, ఇస్తారు. గది మనకే ఉంటుంది. పరువుగా పోతుంది."

"పరువుగా ఎందుకు?" అంది కోడలు.

మరునాడు రాట్నాలు మొదలవగానే కోడలు షెడ్డులోకి వచ్చింది. నేరుగా మేస్త్రి దగ్గరికెళ్ళి, అందరికీ వినపడేలా చెప్పింది. "మా అత్త వేళ్ళకు స్పర్శ లేదు. పరీక్ష పెట్టండి. తప్పితే ఆ తొట్టి నాకివ్వండి."

రాట్నాలు ఒకటొకటిగా ఆగాయి. రేడియో కూడా నోరు మూసుకుంది. మేస్త్రి వచ్చి ఇనుపక్క కళ్ళకు గుడ్డ కట్టాడు. "వెంట్రుకెవరిస్తారు?" అంటే కోడలు తన తలలోంచి పీకి ఇచ్చింది.

ఇనుపక్క అరచేతులు చాచి నిలబడింది. ఏవో పెట్టారని చేతుల బరువును బట్టి కాదు, చుట్టూ నిశ్శబ్దాన్ని బట్టి తెలిసింది. వేళ్ళతో నలిపింది. ఏమీ లేదు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి మెల్లగా పెదవుల వైపు లేచింది.

"నోటి దగ్గరికి పోనివ్వకండి" అంది కోడలు. "పెదవితో చూస్తుంది."

మేస్త్రి ఇనుపక్క మణికట్టు పట్టుకున్నాడు. ఎవరో నవ్వారు. "ముద్దులు అందుకా" అని ఇంకెవరో అన్నారు, ఆ నవ్వు తొట్ల వెంట చివరిదాకా పాకింది. ఇనుపక్క గింజుకోలేదు. ఆ పట్టు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"చెప్పమ్మా. ఏ చేతిలో పోగు?"

"కుడిచేతిలో" అంది ఇనుపక్క.

గుడ్డ విప్పారు. కుడిచేతిలో నల్లగా, పొడుగ్గా కోడలి వెంట్రుక ఉంది. ఎడమచేతిలో పోగు లేదు. ఎప్పుడు జారిపోయిందో, నేలమీద పడి ఉంది.

"రేపట్నుంచి కుప్ప దగ్గరికి" అన్నాడు మేస్త్రి. కోడలు అప్పటికే తొట్టి ముందు పీట జరుపుకుని కూర్చుంది. చన్నీళ్ళ గిన్నె పెట్టుకోలేదు. చెయ్యి నీళ్ళలో పెట్టినప్పుడు దవడలు బిగుసుకున్నాయి, అంతే. ఆ రోజులాగే శబ్దం లేదు.

గది ఇప్పుడు కోడలి పేరు మీద ఉంది. కొడుకు తల్లి చాప తెచ్చి గది బయట, గోడవారగా పరిచాడు. "లోపల ఇరుకు కదమ్మా, పాప దొర్లుతోంది" అన్నాడు. గోడగూట్లో ఉన్న ఆమె సామాను కూడా ఒక డబ్బాలో వేసి తెచ్చాడు. ముసలమ్మ దువ్వెన కూడా అందులోనే ఉంది, సగం పళ్ళు ఊడి.

తొట్టి ముందు కూర్చున్న తల్లికి పాపను పెట్టుకోవడానికి చోటు ఉండదు. వరసలో ఎవరూ ఊరికే పిల్లను చూడరు. అందుకని కోడలు పొద్దున్నే పాపను తెచ్చి వెనక దొడ్లో, కుప్ప పక్కన గోనెసంచి పరిచి కూర్చోబెట్టేది. షెడ్డు కిటికీ సరిగ్గా అక్కడికే ఎదురుగా ఉంటుంది.

"చూస్తూ ఉండు. ముట్టుకోకు" అని చెప్పింది మొదటిరోజు. "పడితే నన్ను పిలువు. ఏడిస్తే నన్ను పిలువు. ఎండ పడితే సంచి లాగు, పిల్లను లాగకు."

"సరే" అంది ఇనుపక్క.

కుప్ప పని వేళ్ళకు స్పర్శ లేకపోయినా నడుస్తుంది. పొర చీల్చడం, పురుగు తీయడం. ఆ వాసన మాత్రం ముక్కుకు బాగా తెలుస్తుంది. ఇనుపక్క పురుగులు ఏరుతూ, ఒక కన్ను పాప మీదే ఉంచేది. పాప కాళ్ళ మీద కొత్త చర్మం గులాబిరంగులో మెరుస్తూ, అక్కడక్కడ గట్టిపడి లాగినట్టుండేది. ఆ కాళ్ళు చక్కగా ముడుచుకునేవి కావు. అందుకని పాప పాకేది కాదు, పిరుదుల మీద జరిగేది.

ఒకరోజు అలా జరుగుతూ జరుగుతూ కుప్ప దాకా వచ్చేసింది. నాయనమ్మ మీద దానికి కోపమేమీ లేదు. ఇనుపక్క ఒళ్ళో వాలిన చెయ్యి పట్టుకుని, వేలు నోట్లో పెట్టుకుంది. కొత్త పళ్ళు వస్తున్నాయి, ఏది దొరికినా కొరుకుతోంది. ఇనుపక్క కదలకుండా కూర్చుంది. లాక్కుంటే ఏడుస్తుంది, ఏడిస్తే పిలవాలి. పాప కొరుకుతోంది, ఆమె చూస్తోంది. పాప నోరు మెత్తగా ఉందో, వెచ్చగా ఉందో, చొంగ తగులుతోందో ఏమీ తెలియదు. చూసి తెలుసుకోవాల్సిందే. పాప వేలు వదిలాక దాని మీద రెండు చిన్న గంట్లు, వాటిలోంచి సన్నగా రక్తం. అప్పుడు తెలిసింది బాగా కొరికిందని.

ఆమె వంగింది. పాప నుదుటికి పెదవి ఆనించబోయింది, ఒక్కసారి, వెచ్చదనం తెలుసుకుందామని.

"చేతులు" అన్న మాట కిటికీలోంచి వచ్చింది.

కోడలు తొట్టి ముందు నుంచి లేవలేదు, రాట్నం ఆపలేదు. పొగల వెనక ఆమె ముఖం సరిగ్గా కనిపించడం లేదు.

"చేతులు వెనక్కి పెట్టు."

ఇనుపక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పాప ఆ చేతులు ఏమయ్యాయా అని అటు వంగి చూసింది, ఇటు వంగి చూసింది. దాగుడుమూతలాట అనుకుంది కాబోలు, పకపకా నవ్వింది.